పిన్ని రెండుసార్లు తడుతుంది

మా ల్యాబ్‌లో ఉన్న మరచెయ్యికి అల్లుడు అని పేరు పెట్టింది పిన్నే. "పొద్దున్నే తుడవాలి, వేడెక్కితే ఫ్యాను తిప్పాలి, ఎవరూ గట్టిగా ముట్టుకోకూడదు. ఇన్ని మర్యాదలు జరిగాక ఒక్క ప్లగ్గు పెట్టి ఆగిపోతాడు. ఇంకేం పేరు పెట్టమంటారు?" అందట. ఆ పేరు ఎంత బాగా అతుక్కుపోయిందంటే, పై అధికారులకు పంపే నివేదికలో మా ప్రొఫెసర్‌గారు కూడా పొరపాటున "అల్లుడి పనితీరు సంతృప్తికరంగా ఉన్నది" అని రాసేశారు. ఆ వాక్యం కొట్టేసి మరోటి రాయడమే ఆ ల్యాబ్‌లో నేను చేసిన మొదటి పని.

నేను చదివింది సాహిత్యం. యంత్రాలతో నా పరిచయం మా ఇంట్లో మిక్సీ దగ్గరే ఆగిపోయింది, అది కూడా నన్ను చూస్తే మొరాయిస్తుంది. అయినా నన్ను తీసుకున్నారంటే కారణం ప్రొఫెసర్‌గారి కోపం. అంతకుముందు సంవత్సరం ఒక విద్యార్థి చదువు పూర్తిచేసుకుని వెళ్ళిపోతూ ఇచ్చిన నోట్సులో, అసలైన చోట "ఇక్కడ మామూలుగా చేసేదే చెయ్యాలి" అన్న ఒక్క వాక్యం ఉందట. ఆ మామూలుగా చేసేది ఏమిటో కనిపెట్టడానికి ల్యాబ్‌కి ఐదు నెలలు పట్టింది. "మావాళ్ళకి లెక్కలొచ్చు, వాక్యాలు రావు. ఎవరికి ఏం తెలుసో వాళ్ళ పక్కన కూచుని రాయి. వాళ్ళు రేపు లేకపోయినా పని నడవాలి," అని ఆవిడ నా చేతికి ఒక మందపాటి పుస్తకం ఇచ్చారు.

ఎవరి పక్కన కూచోవాలో తెలియక రెండు రోజులు తలుపు దగ్గరే నిలబడ్డాను. మూడో రోజు కిటికీ పక్కనుంచి ఒక గొంతు వినిపించింది.

"అమ్మాయ్, నువ్వు అక్కడే నుంచుంటే గొడుగులు తగిలించే కొయ్య అనుకుంటారు. ఇటు రా."

అదీ పిన్ని. ల్యాబ్ టెక్నీషియన్. యాభై నాలుగేళ్ళుంటాయి. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. ముడిలో పువ్వుకి బదులు సన్నటి స్క్రూడ్రైవర్ గుచ్చుకుంటుంది. ల్యాబ్ కోటు జేబులో ఒక అయస్కాంతం, దాని చుట్టూ గుత్తిలా ఎప్పుడూ పది పదిహేను మరలు. ఆమెని అందరూ పిన్నీ అనే పిలుస్తారు, నువ్వు అనే అంటారు. నేనొక్కదాన్నే పిన్నిగారూ, మీరు అనేదాన్ని. అలా పిలిచినప్పుడల్లా ఆమె వెనక్కి తిరిగి ఎవరొచ్చారా అని చూసేది.

పిన్ని చదివింది పదో తరగతి. వాళ్ళ నాన్నకి కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు ఉండేది. బడి నుంచి వచ్చి, సంచీ గోడకి ఆనించి, కిరోసిన్ గిన్నెలో మిషను భాగాలు కడుగుతూ పెరిగింది. పెళ్ళి కూడా ఆ కొట్టులోనే కుదిరింది. పక్కవీధి దర్జీ ఒకాయన వారంలో మూడుసార్లు మిషన్ పాడైందని మోసుకొచ్చాడు. "మూడోసారి మొత్తం విప్పాను. దాంట్లో ఏ రోగమూ లేదు. రోగం ఎక్కడుందో మా నాన్నకి అర్థమైంది," అని ఆ కథ చెప్పేటప్పుడు ఇప్పటికీ ఆమె మొహం ఎర్రబడుతుంది. ఆ దర్జీనే మా అందరికీ బాబాయి.

నాన్న పోయాక కొట్టు కొన్నాళ్ళు తనే నడిపింది. రెడీమేడ్ బట్టలొచ్చి ఇళ్ళల్లో మిషన్లు మూలపడ్డాక విశ్వవిద్యాలయంలో సహాయకురాలిగా చేరింది. అప్పుడు ఈ ల్యాబ్ ఒక్క గదిట. గదిలో సగం పాడైన రేడియోలు, మిగతా సగం వాటిని చూసి నిట్టూర్చే ఒక లెక్చరర్. పిన్ని నెలరోజుల్లో ఆ రేడియోలన్నీ పాడించింది. అప్పటికి ఇప్పటికి ఇరవై మూడేళ్ళు. గది నాలుగు గదులైంది. రేడియోలు పోయి, కెమెరాలూ మోటార్లూ, తమంతట తాము నేర్చుకునే ప్రోగ్రాములూ వచ్చాయి. పిన్ని స్టూలు మాత్రం కిటికీ పక్కన అదే చోట ఉంది.

నేను చేరిన రెండో నెల మొదట్లో ఒక సర్క్యులర్ వచ్చింది. నెలాఖరు శుక్రవారం పరిశీలన సంఘం వస్తుంది. మరచెయ్యి మనిషి సాయం లేకుండా యాభై ప్లగ్గుల్లో కనీసం నలభై ఐదు సరిగ్గా బిగిస్తే, ఈ పనికి ఇంకో మూడేళ్ళు అనుమతి. లేకపోతే ఆపెయ్యాలి. కింద ఇంకో చిన్న పేరా ఉంది. చెయ్యి ఆ విధంగా పనిచేసిన పక్షంలో ల్యాబ్‌లో టెక్నీషియన్ అవసరం ఉండదు కనుక, సదరు ఉద్యోగినిని సెంట్రల్ స్టోర్స్‌కి మార్చవలెను.

అందరం ఆ కాగితం చుట్టూ మూగి, పిన్ని వైపు చూడలేక నేల చూస్తున్నాం. పిన్ని కాగితం లాక్కుని, కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి నిదానంగా చదివింది.

"అంటే అల్లుడు పాసైతే అత్త ఇల్లు వదిలి వెళ్ళాలన్నమాట. బాగుంది వరస."

"నవ్వులాట కాదు పిన్నీ," అన్నారు ప్రొఫెసర్‌గారు. "నేను కుదరదని రాస్తాను." ఆవిడ రెండు ఉత్తరాలు రాశారు. రెండింటికీ జవాబు రాలేదు.

ఆ మధ్యాహ్నం పిన్నిని అడిగాను, స్టోర్స్‌కి వెళ్ళడం ఇష్టం లేదా అని.

"వెళ్తే ఏం పోతుందీ, జీతం అదే. కుర్చీ ఇంతకంటే మెత్తగా ఉంటుందిట. కానీ అక్కడ మాట్లాడ్డానికి ఎవరుంటారే? బీరువాలు!" అని, కాసేపు ఏదో వైరు ఒలిచి, "ఇక్కడైతే రోజూ ఎవడో ఒకడు ఏదో ఒకటి పాడుచేస్తాడు. కడుపు నిండుగా ఉంటుంది," అంది. ఆ తర్వాత ఇంక ఆ సంగతి ఎత్తనివ్వలేదు.

ఇక అల్లుడికి నేర్పే పద్ధతి గురించి చెప్పాలి. పలక మీద పిల్లల చెయ్యి పట్టుకుని అక్షరాలు దిద్దిస్తాం చూడండి, అచ్చంగా అదే. పిన్ని ఆ మరచెయ్యి మణికట్టు పట్టుకుని, ట్రేలోంచి ప్లగ్గు తీయించి, సర్క్యూట్ బోర్డు మీద ఉన్న చిన్న గూట్లో పెట్టిస్తుంది. యంత్రం ఆ కదలికలన్నీ గుర్తుపెట్టుకుంటుంది. అలా మూడువందల సార్లు. ఆ తర్వాత పిన్ని వదిలేస్తుంది, అదే చేసుకుంటుంది.

ఈ నేర్పించే ప్రోగ్రాము రాసింది ఒక పరిశోధక విద్యార్థి. నాలుగేళ్ళుగా అదే పని. దళసరి అద్దాల వల్ల అతన్ని అందరూ కళ్ళజోడు అంటారు. పిన్ని కూడా కళ్ళజోడు పెట్టుకుంటుంది కదా అంటే, "నాది చూడ్డానికి, వాడిది ఆలోచించడానికి," అంటుంది. సంఘం ఈ పని ఆపేస్తే కళ్ళజోడు నాలుగేళ్ళూ గంగలో కలిసినట్టే.

అల్లుడు మొదటిసారి సొంతంగా పనిచేసిన రోజు నేనూ ఉన్నాను. ప్లగ్గు తీశాడు. బల్ల మీద టక్ టక్‌మని రెండుసార్లు కొట్టాడు. తర్వాత చెయ్యి పైకెత్తి గాలిలో ఆగాడు. ఎవరికీ అర్థం కాలేదు. అప్పుడు పిన్ని సిగ్గుపడుతూ, "అక్కడ నేను ముక్కు గోక్కుంటాను," అంది. ల్యాబంతా పడీ పడీ నవ్వింది. ఇంకో ప్లగ్గు దగ్గర మెడ తిప్పినట్టు తలుపు వైపు తిరిగాడు. అది, ఎవరైనా తలుపు తీస్తే పిన్ని చూసే చూపు.

"మరి ఈ టక్ టక్ ఏంటి పిన్నీ?" అన్నాడు కళ్ళజోడు.

"అది నాది కాదు బాబూ. నేనెందుకు కొడతాను? మోటార్ వణుకుతోందేమో చూసుకో. అల్లుడికి నరాల బలహీనత."

అయినా ఆ రోజు యాభైలో నలభై ఆరు వచ్చాయి. సంఘం ముందు ఇలా ముక్కు గోక్కుంటే పరువు పోతుందని, కళ్ళజోడు కూచుని ఆ మూడువందల పాఠాల్లోంచి పనికిరాని కదలికలన్నీ ఏరి తీసేశాడు. ముక్కు పోయింది. తలుపు పోయింది. నరాల బలహీనతా పోయింది. అదే రోజు అల్లుడికి కళ్ళలాంటి కెమెరాని కూడా ఇంకొంచెం ఎత్తుకి మార్చాడు.

మర్నాడు యాభైకి ముప్ఫై ఒకటి.

కళ్ళజోడుకి అనుమానమంతా కెమెరా మీదే. పాత చోటికి మార్చాడు, లాభం లేదు. కిటికీలోంచి వచ్చే వెలుతురు మారుతోందన్నాడు. నల్ల కర్టెన్లు కుట్టించాడు. కర్టెన్లు వేశాక ముప్ఫై రెండు వచ్చాయి. ఆ ఒక్క ప్లగ్గుకి పండగ చేసుకోబోయి, తర్వాతి విడతలో ఇరవై తొమ్మిది చూసి కుర్చీలో కూలబడ్డాడు. అతను అన్నం తినడం మానేసి బిస్కట్లు నములుతుంటే, పిన్ని తన డబ్బా మూత తీసి అతని ముందు పెట్టి, "తిను. అల్లుడు అలిగాడని మామగారు పస్తుంటారా?" అనేది. అలా పది రోజులు గడిచాయి. శుక్రవారం ఇంకో రెండు రోజుల్లోకి వచ్చింది.

ఆ బుధవారం ప్రొఫెసర్‌గారు నన్ను పిలిచి, "పిన్ని చేత్తో ప్లగ్గులు ఎలా పెడుతుందో కూడా ఎక్కడా రాసిలేదు. అల్లుడి సంగతి అలా ఉంచి, ముందు ఆమె పని రాసిపెట్టు," అన్నారు. పిన్ని వెళ్ళిపోతుందని ఆవిడకి మనసులో ఖాయమైపోయినట్టుంది.

నేను పిన్నికి ఎదురుగా కూచున్నాను. మాట్లాడాలంటే భయం గానీ, చూసింది చూసినట్టు రాయడం నాకు బాగానే వచ్చు. పన్నెండు ప్లగ్గులు అయ్యేదాకా రాసి, చదివి వినిపించాను.

"ఎడమచేత్తో బోర్డు పట్టుకుంది. కుడిచేత్తో ట్రేలోంచి ప్లగ్గు తీసింది. బల్ల అంచు మీద రెండుసార్లు తట్టింది. గూట్లో పెట్టి..."

"ఆగాగు. తట్టడమేంటి?"

"తట్టారు కదా పిన్నిగారూ."

"నేనా? ఎప్పుడు?"

"ఇప్పుడే. అంతకుముందు కూడా. పన్నెండుసార్లూ."

"కథలు చదివి చదివి నీకు లేనివి కూడా కనిపిస్తున్నాయే," అంటూ పిన్ని పదమూడో ప్లగ్గు తీసింది.

టక్ టక్.

ఆ చప్పుడికి తనే ఉలిక్కిపడింది. చేతిని ఎవరిదో పరాయివాళ్ళది అన్నట్టు చూసుకుంది. "ఇంకోటి తీస్తాను, చూస్తూ ఉండు," అంది. ఈసారి పెదవి బిగబట్టి, జాగ్రత్తగా, నెమ్మదిగా తీసింది. చెయ్యి దానంతట అదే వెళ్ళి తట్టింది.

"ఓరి నీ!" అంది చేతిని.

తర్వాత లేచి, బల్లకి దూరంగా గది మధ్యలోకి వెళ్ళింది. అక్కడ తట్టడానికి ఏమీ లేదు. ట్రే నన్ను పట్టుకోమని, బోర్డు గాలిలో పెట్టుకుని పది ప్లగ్గులు పెట్టింది. మూడు వంకరగా వెళ్ళి ఇరుక్కున్నాయి. పిన్ని పెట్టిన ప్లగ్గు వంకరపోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె పదకొండోది తీసి, పెట్టకుండా, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని చాలాసేపు చూసింది.

"చూడు. ట్రేలోంచి తీసేటప్పుడు వేళ్ళ మధ్య వెంట్రుకవాసి పక్కకి ఒరుగుతోంది. మొదటి దెబ్బకి కిందికి దిగుతుంది, రెండో దెబ్బకి సర్దుకుంటుంది. మా నాన్న మిషన్‌కి సూది ఎక్కించే ముందు ఇలాగే గల్లాపెట్టె మీద తట్టేవాడు. ఎందుకని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చూసి చూసి వచ్చేసినట్టుంది."

అల్లుడికి నరాల బలహీనత లేదు. అతను నేర్చుకున్నది నేర్చుకున్నట్టు చేశాడు. మేమే ఆ ముక్క కోసి పారేశాం, అదీ పిన్ని మాట మీద.

"రాశావా?" అంది పిన్ని.

"ఇంకా లేదండి."

"రాయకు."

నేను కలం మూత పెట్టేశాను. పక్కగదిలో కళ్ళజోడు మళ్ళీ కర్టెన్లు లాగుతున్న చప్పుడు వినిపిస్తోంది. పిన్ని అటు చూసి, ప్లగ్గులన్నీ ట్రేలో వరసగా సర్ది, "ఇవాళ్టికి రాయకు," అంది.

సాయంత్రం ఇద్దరం బస్టాపు దాకా నడిచాం. రోజూ దారి పొడుగునా ఎవరినో ఒకరిని ఆటపట్టించే మనిషి, ఆ రోజు ఒక చెప్పులు కుట్టే అతని దగ్గర ఆగి, అతను సూది తిప్పడం చూసి, మళ్ళీ నడిచింది.

"మా నాన్న మంచివాడే," అంది హఠాత్తుగా. "నాకు అన్నీ నేర్పాడు. కానీ కుట్టుమిషన్‌కి టైమింగ్ అని ఒకటుంటుంది. సూది దిగడం, కింద దారం అందుకోవడం, రెండూ ఒకేసారి కుదరాలి. అది పెట్టేటప్పుడు మాత్రం మనిషి అటు తిరిగిపోయేవాడు. అవతలి కొట్టువాళ్ళు చూస్తారని. చివరికి అలవాటైపోయి, నేనొక్కదాన్నే ఉన్నా అటే తిరిగేవాడు."

"మిమ్మల్ని కూడా చూడనిచ్చేవారు కాదా?"

"అప్పుడు చెప్తాలే, ఇప్పుడు చెప్తాలే అనేవాడు. ఒకరోజు పొద్దున లేవలేదు. కొట్లో ఆరు మిషన్లు విప్పి ఉన్నాయి. ఆ టైమింగ్ పట్టుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది అమ్మాయ్. ఎన్ని మిషన్లు తిరిగొచ్చాయో. ఆయన మీద ఏడవాలో కోప్పడాలో తెలిసేది కాదు. ఇప్పటికీ మా నాన్నని తలుచుకుంటే ముందు మొహం కాదు, ఆ వీపే కనిపిస్తుంది."

బస్సు వచ్చింది. ఎక్కుతూ, "నోరు జారకు," అంది. నేను ఎవరికి చెప్తాను! మా ఇంట్లోనే రోజుకి పది మాటలకి మించి మాట్లాడను. కానీ ఆ సాయంత్రం పుస్తకం తెరిస్తే, ఆ పేజీలో సగంలో ఆగిన వాక్యం నన్ను చూస్తూ ఉంది. రాస్తే పిన్నిని నా చేత్తో నేనే బయటికి పంపినట్టు. రాయకపోతే కళ్ళజోడు నాలుగేళ్ళు. మూసేశాను. అది నేను చెప్పాల్సిన మాట కాదు.

మా ల్యాబ్‌లో ప్రతి గురువారం నాలుగు గంటలకి తప్పుల టీ ఉంటుంది. ప్రొఫెసర్‌గారు పదేళ్ళ కింద మొదలుపెట్టారట. అందరూ బల్ల చుట్టూ చేరి, ఆ వారం తను చేసిన ఒక తప్పు, దానివల్ల తెలిసిన సంగతీ చెప్పాలి. చెప్పినవాళ్ళకే టీ. ఏ తప్పూ చెయ్యలేదన్నవాళ్ళు మిగతావాళ్ళకి పోసి ఊరుకోవాలి. ఈ పదేళ్ళూ టీ పోసింది పిన్నే. "నాకేం తప్పులుంటాయి, మీరు చెప్పింది చేస్తాను," అని ఫ్లాస్కు పట్టుకునేది.

ఆ గురువారం ఎవరి మొహంలోనూ కళ లేదు. రేపే పరిశీలన. కళ్ళజోడు, కెమెరా మార్చడమే తన తప్పనీ, అది మారిస్తే ఎందుకు పాడైందో మాత్రం ఇంకా తెలియలేదనీ చెప్పాడు. ప్రొఫెసర్‌గారు తన ఉత్తరాల్లో కోపం ఎక్కువై పని చెడిందన్నారు. నేను ఒక పేజీ నంబరు రెండుసార్లు వేశానన్నాను. పిన్ని అందరికీ పోసింది. తర్వాత ఫ్లాస్కు నా చేతికిచ్చి, గ్లాసు తీసుకుని ముందుకు చాపింది.

"నాకూ పొయ్యి. ఈ వారం ఒకటుంది."

అందరూ తలలెత్తారు.

"ఆ టక్ టక్ నాదే. నేను తడతానట. ఈ అమ్మాయి చూసి చెప్పేదాకా నాకే తెలీదు. తట్టకపోతే ప్లగ్గు ఒరిగి వెళ్తుంది. నాది కాదు తీసెయ్యమని చెప్పాను చూడు, అదీ తప్పు. నిన్న తెలిసింది, ఇవాళ్టిదాకా దాచాను. అది ఇంకో తప్పు. రెండు గ్లాసులు పొయ్యాలి నిజానికి."

కళ్ళజోడు లేచాడు. కూచున్నాడు. మళ్ళీ లేచాడు.

"పిన్నీ! పదకొండు రోజులు! నల్ల కర్టెన్లు కుట్టించానే! అవి కుట్టింది కూడా మీ ఆయనే!"

"ఆయన్ని అనకు. ఎందుకు కుట్టమన్నారో ఆయనకీ అర్థం కాలేదు. ప్లగ్గులకి సిగ్గేమో అనుకున్నాడు పాపం."

తీసేసిన టక్ టక్‌ని మళ్ళీ పెట్టడానికి కళ్ళజోడు అప్పటికే పక్కగదిలోకి పరుగెత్తాడు. మిగతావాళ్ళు అతని వెనకాలే పోయారు. బల్ల దగ్గర ప్రొఫెసర్‌గారూ, పిన్నీ, ఫ్లాస్కు పట్టుకుని నేనూ మిగిలాం.

"రేపు నలభై ఐదు దాటితే ఏమవుతుందో నీకు తెలుసు కదా," అన్నారు ప్రొఫెసర్‌గారు మెల్లగా.

"తెలుసండీ. ముందు ఈ టీ తాగనివ్వండి. పదేళ్ళకి సంపాదించుకున్నాను," అంది పిన్ని.

శుక్రవారం యాభైకి నలభై తొమ్మిది. పోయిన ఆ ఒక్కటీ సంఘం అధ్యక్షులవారు తుమ్మినప్పుడు పోయింది. అల్లుడు ప్లగ్గు తీసి, టక్ టక్‌మని తట్టి పెడుతుంటే అధ్యక్షులవారు మురిసిపోయి, "చూశారా, ఇక మనిషి అక్కర్లేదు!" అన్నారు. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది పిన్ని. సోమవారం ఆమె ముడిలో స్క్రూడ్రైవర్ గుచ్చుకునే స్టోర్స్‌కి వెళ్ళింది. కిటికీ పక్క స్టూలు మీద ఎవరూ కూచోలేదు.

సెంట్రల్ స్టోర్స్ అంటే ఇంకో భవనంలో కింది అంతస్తు. ట్యూబులైట్లు, తాళాలు, సుద్దముక్కలు, తెల్లకాగితాల కట్టలు. ముందు పొడవైన కౌంటరు, దాని వెనక స్టోర్స్ ఆఫీసరు. సంతకం కింద గీత కూడా స్కేలు పెట్టి గీస్తాడు కనక ఆయన్ని రూళ్ళకర్ర అంటారు. ఆయనకి ప్రాణం కంటే నిశ్శబ్దం ఎక్కువ. ఏదైనా కావాలంటే చీటీ రాసి ఇవ్వాలి. చీటీ లేనిదే కౌంటరు దగ్గర నిలబడకూడదు.

పిన్ని వెళ్ళిన మూడో రోజు ల్యాబ్‌కి కొత్తరకం ప్లగ్గులొచ్చాయి. గుండ్రటివి. అల్లుడు వాటిని కూడా శ్రద్ధగా టక్ టక్‌మని తట్టాడు. అవి ఎగిరి బల్ల కిందికి దొర్లిపోయాయి. కళ్ళజోడు రెండు ప్లగ్గులు జేబులో వేసుకుని స్టోర్స్‌కి వెళ్ళి చీటీ ఇచ్చాడు: గుండుసూది, ఒకటి.

"ఒకటా?" అన్నాడు రూళ్ళకర్ర.

"ఒకటి చాలండీ."

ఆయన సూది వెతికేలోపు పిన్ని ప్లగ్గు చేతిలోకి తీసుకుంది. "దీన్ని తట్టకూడదు నాయనా. వేళ్ళ మధ్య అర చుట్టు దొర్లించాలి, గాడి తగిలేదాకా."

"నీకెలా తెలుసు?"

"నాకేం తెలుసు? నా చెయ్యి ఏం చేస్తోందో నువ్వే చూసి చెప్పు."

అప్పట్నుంచి పిన్ని నేర్పే పద్ధతి అదే. తను చేస్తుంది, చూసినవాళ్ళు చెప్పాలి, అప్పుడు ఇద్దరికీ తెలుస్తుంది. కళ్ళజోడు చూసినవి అతను చెప్పేవాడు, అతను చూడనివి నేను రాసేదాన్ని. నేనూ చీటీ రాసుకునే వెళ్ళేదాన్ని. మా తర్వాత మా ల్యాబ్‌లో మిగతావాళ్ళు, వాళ్ళ తర్వాత పక్క ల్యాబ్‌లవాళ్ళు. కౌంటరు ముందు తిరగేసిన పెట్టెల మీద విద్యార్థులు కూచోవడం మొదలైంది. రూళ్ళకర్ర "ష్" అని మొదటివారం నూరుసార్లన్నా అని ఉంటాడు.

రెండోవారంలో ఆయన పెద్ద బీరువా తెరుచుకోలేదు. ఎప్పుడూ ముగ్గురు కలిసి లాగితే గానీ రాదట. పిన్ని వెళ్ళి, పిడి పట్టుకుని తిప్పింది. తలుపు వచ్చేసింది.

"ఏం చేశావమ్మా?" అన్నాడు రూళ్ళకర్ర.

"మీరే చూసి చెప్పండి."

మళ్ళీ మూసింది. ఆయన మోకాళ్ళ మీద కూచుని, స్కేలు పక్కన పడేసి, కళ్ళు చికిలించి చూశాడు. నాలుగోసారికి, "పిడి తిప్పేటప్పుడు భుజంతో కొంచెం పైకెత్తుతున్నావు!" అని అరిచాడు. ఆ గదిలో ఎవరూ అంత గట్టిగా అరవడం అదే మొదటిసారి. ఆ తర్వాత ఆ బీరువాని వచ్చినవాళ్ళందరికీ ఆయనే తెరిచి చూపించాడు, చీటీలో బీరువా సామాను లేకపోయినా.

అయినా లెక్క లెక్కే కదా. నెల తిరిగేలోపు ఆయన రిజిస్ట్రార్‌గారికి ఒక ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం బాగా రావాలని, సాహిత్యం చదివిన దాన్నని విని, నన్ను పిలిచి చూపించాడు. నేను ఒక్క అక్షరం మార్చలేదు. "గత ఇరవై రెండు రోజులలో ఈ స్టోర్స్ నుండి రెండువందల పద్దెనిమిది గుండుసూదులు, చీటీకి ఒకటి చొప్పున, ఇవ్వబడినవి. విశ్వవిద్యాలయ చరిత్రలో గుండుసూదులకు ఇంతటి గిరాకీ లేదు. విచారించగా, వచ్చినవారెవరికీ సూది అవసరం లేదని, టెక్నీషియన్‌గారి అవసరం ఉన్నదని తేలినది. కావున సదరు ల్యాబ్‌నైనా ఇక్కడికి మార్చవలెను, లేదా ఆమెనైనా అక్కడికి పంపవలెను." కింద, స్కేలు పెట్టి గీసిన గీతకి దిగువన, ఇంకో వాక్యం ఉంది. "పూర్తిగా పంపవలదని మనవి."

ప్రొఫెసర్‌గారి కోపపు ఉత్తరాలకి రాని జవాబు, ఈ గుండుసూదులకి నాలుగు రోజుల్లో వచ్చింది. సోమ, మంగళవారాలు స్టోర్స్‌లో. బుధ, గురు, శుక్రవారాలు ల్యాబ్‌లో, చూపించి నేర్పే పని మీద. ఆ ఉత్తర్వు కాపీ పట్టుకుని కళ్ళజోడు కారిడార్ అంతా పరిగెత్తుకుంటూ వెళ్ళి, పిన్నిని స్టోర్స్ నుంచి ల్యాబ్‌కి తీసుకొచ్చాడు. పిన్ని చదివి, మడిచి, జాకెట్టులో దాచుకుని, కిటికీ పక్క తన స్టూలు మీద కూచుంది. ముక్కు తుడుచుకుంటూ, "దుమ్ము. స్టోర్స్ దుమ్ము ఇంకా వదల్లేదు," అంది. ఎవరూ నమ్మలేదు.

అయితే ఉత్తర్వులో శనివారం సంగతి రాయలేదు. శనివారం మాదంటారు ప్రొఫెసర్‌గారు, నేర్పే పని మధ్యలో ఆగకూడదని. కాదు మాదంటాడు రూళ్ళకర్ర, వారం సామాను సర్దేది శనివారమేనని. ఇద్దరూ ఎదురెదురుగా రాసుకున్న ఉత్తరాలు ఇప్పటికి నాలుగయ్యాయి. నాకు తెలిసి అయిదోది కూడా తయారవుతోంది.

"మరి శనివారం మీరు ఎక్కడికి వెళ్తారు పిన్నిగారూ?" అని అడిగాను.

"వాళ్ళిద్దరూ తేల్చుకోనీ. అందాకా ఇంట్లో పడుకుంటాను," అంది, అల్లుడి మణికట్టు మీద చెయ్యి వేస్తూ. "ఇరవై మూడేళ్ళలో నా కోసం ఇద్దరు కొట్టుకోవడం ఎప్పుడు చూశాను? తొందరగా తేలకూడదనే నా కోరిక."